మంగళవారం తెరవని సైటు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా ఎర్రగుంట్లలో ఫ్యాక్టరీ వెనక చింతతోపులో ఏదో తిరుగుతోందని అందరూ చెప్పుకునే రోజుల్లో, అదే తోపులో కూర్చుని చింతకాయలు ఉప్పుకారంతో నంజుకున్న మనిషిని. తర్వాత దొరికిన పని కూడా అట్లాంటి వాటికి చోటిచ్చేది కాదు. నేను వెబ్‌సైట్లు నడిపే సర్వర్‌ను చూసుకుంటాను. దాని దగ్గరికి ఎవరొచ్చినా, ఏ నిమిషంలో వచ్చినా, ఏమడిగినా, మేం ఏమిచ్చి పంపినా, అంతా లాగ్ ఫైల్లో ఒక వరుసగా పడిపోతుంది. దయ్యమైనా సరే అక్కడ సంతకం పెట్టకుండా పోలేదు.

ఆ లాగ్ ఫైలే నన్ను ఇరుకున పెట్టింది కాబట్టి ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేనూ సగం నవ్వుతూనే రాస్తున్నాను.

డోన్‌లో ఒక మేడ మీది గదిలో మా ఆఫీసు. మా అంటే నాదీ, మస్తాన్‌దీ. ఇద్దరం భాగస్వాములం. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు కాబట్టి నన్ను అన్నా అంటాడు గానీ, బుద్ధిలో పెద్దవాడు. ఆ గదిలో మా సర్వర్ మిషను ఒకటే. దాని మీద తొమ్మిది వెబ్‌సైట్లు నడుస్తుండేవి. ఒక బడి, ఒక విత్తనాల అంగడి, లారీల బుకింగ్ ఆఫీసు, ఒక చర్చి, ఇట్లాంటివి.

ఒకే మిషను మీద తొమ్మిది ఎట్లా ఉంటాయని చాలామంది అడుగుతారు. ఒకే కాంపౌండులో తొమ్మిది పోర్షన్లు ఉన్నట్టే. వీధి గేటు ఒకటే, డోరు నంబరూ ఒకటే. వచ్చినవాడు ఎవరి కోసం వచ్చాడో పేరు చెప్తే ఆ పోర్షన్‌కు పంపిస్తాం. ప్రతి సైటుకూ ఒక చిన్న ఫైలు రాయాలి. ఈ పేరు అడిగితే ఈ పేజీలు చూపించు అని అందులో ఉంటుంది. ఫైలు రాసినంత మాత్రాన సైటు తెరుచుకోదు. రాసినవన్నీ ఒక ఫోల్డర్లో ఉంటాయి. తెరవదలుచుకున్న వాటికి ఇంకో ఫోల్డర్లో లింకు పెట్టి, సర్వర్‌కు చెప్పాలి. అప్పుడే తలుపు తీసినట్టు.

వచ్చినవాడు చెప్పిన పేరు మా దగ్గర తెరిచి లేకపోతే సర్వర్ వాణ్ణి వెళ్ళగొట్టదు. అక్షరాల వరుసలో మొదట ఉన్న సైటును చూపించి పంపుతుంది. మా మిషన్లో మొదటిది ఒక పెండ్లి సంబంధాల బ్యూరో. అంటే పేరు తప్పిన ప్రతివాడికీ పూలదండలు వేసుకుని నవ్వుతున్న జంట కనపడుతుంది. దీన్ని మార్చమని మస్తాన్ ఏడాదిగా పోరుతూనే ఉన్నాడు. దారి తప్పినవాడికి పెండ్లి కుదిరితే మనకే పుణ్యం కదా అని నేను దాటేస్తూ వచ్చాను.

ఇక ఈరమ్మ సంగతి. స్టేషను రోడ్డులో ముప్పై ఏళ్ళుగా మెస్సు నడుపుతోంది. జొన్నరొట్టె, పప్పు, ఊరిబిండి పచ్చడి, పైన ఒక గరిటె మజ్జిగ. ఆమెతో పాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు రొట్టెలు కొడతారు. మస్తాన్ మధ్యాహ్నం తిండి అక్కడే. నేనూ వారానికి నాలుగు రోజులు పోతాను. అందరం ఆమెను పెద్దమ్మా అంటాం.

రోడ్డు వెడల్పు చేయడంలో ఆ మెస్సు పోతుందని తెలిసింది. పక్క వీధుల్లో ఒక పాత మిరపకాయల గోడౌను ఆమెకు దొరికింది గానీ, అది మెయిన్ రోడ్డుకు కనపడదు. ఆమె దగ్గర తినేవాళ్ళు ఊరివాళ్ళు తక్కువ. లారీ డ్రైవర్లు, గూడ్స్ రైళ్ళ గార్డులు. పదిరోజులకో పక్షానికో ఒకసారి ఈ దారిన వస్తారు. వచ్చినవాడు చూస్తే అక్కడ ఇటుకల కుప్ప ఉంటుంది. ఆకలి మీద ఉన్నవాడు ఎంతసేపు వెతుకుతాడు? పక్క హోటలుకు పోతాడు, మళ్ళీసారి కూడా అక్కడికే పోతాడు. మెస్సు మూతపడితే ఆమెతో పాటు ఆ ముగ్గురి పొయ్యీ ఆరిపోతుంది.

ఒకరోజు రొట్టె వడ్డిస్తూ ఆమే అడిగింది.

"ఏమప్పా ఓబులేసూ, ఫోన్లో పేరు కొడితే మా మెస్సు యాడుండాదో చూపిచ్చేటట్టు చెయ్యొచ్చంట గదా. మస్తాను చెప్పినాడు."

చేయొచ్చు, చేస్తాను అన్నాను. పదో పోర్షన్ అట్లా మొదలైంది. డొమైన్ కొని మా మిషను వైపు తిప్పాను. ఆమె ఫోన్లో దారి చెప్పింది, నేను గదిలో కూర్చుని రాసుకున్నాను. పేజీలో ఆమె ఫోటో ఒకటి, దాని కింద దారి, అంతే. ఆ సైటు పేరు చీటీల మీద అచ్చు వేయించి ఇచ్చాను. నెల రోజుల పాటు తిన్న ప్రతివాడి చేతిలో ఒక చీటీ పెట్టింది. ఇక్కడ కొట్టు కనపడకుంటే ఈ పేరు ఫోన్లో కొట్టండి అని చెప్పి పంపేది.

ఫైలు రాశాను. పేజీ ఫోల్డర్లో పెట్టాను. లింకు పెట్టబోతుంటే ఈరమ్మ ఫోన్ చేసింది, ఇప్పుడే తెరుస్తున్నానని చెప్పాను.

"వద్దప్పా, ఊరికే తెరిస్తే ఎట్లా? బేస్తవారం పది గంటల ఇరవై నిమిషాలకు బాగుండాదంట. అంతవరకూ ముట్టుకోవాకు."

కొత్త కొట్టులో పాలు పొంగించేది కూడా అప్పుడేనట. గురువారానికి ఇంకా ఐదు రోజులు ఉన్నాయి, పాత కొట్టు పడగొట్టేది ఆ తర్వాతే అని రోడ్డు వెడల్పు చేసే ఆఫీసు వాళ్ళు చెప్పి ఉన్నారు. పోయేదేముంది? సరే అన్నాను. వెబ్‌సైటుకు ముహూర్తం పెట్టించిన మొదటి పార్టీ మాకు ఈరమ్మే అని మస్తాన్ నవ్వాడు.

మంగళవారం పొద్దున నేను ఎర్రగుంట్లలో ఉన్నాను. లారీల బుకింగ్ ఆఫీసు కంప్యూటర్లు మొరాయిస్తే పోయాను. పదిన్నరకు ఈరమ్మ ఫోన్. రెండు రోజుల ముందే జేసీబీ వచ్చేసింది. తొమ్మిదికల్లా కొట్టు నేలమట్టం. గిన్నెలు, పెనాలు తోపుడు బండి మీద వేసుకుని నలుగురూ గోడౌనుకు చేరారు. పొయ్యి అక్కడే వెలిగించింది, పిండి కలిపి ఉండాది పారబోసేది ఎట్లా అని.

నేను వెంటనే నా ఫోన్లో ఆ సైటు పేరు కొట్టి చూశాను. ఏమొస్తుందో తెలిసి కూడా చూశాను. పూలదండల జంట నవ్వుతోంది. చీటీ పట్టుకుని ఇటుకల కుప్ప ముందు నిలబడిన ప్రతివాడికీ ఇదే కనపడుతుంది. అన్నానికి వచ్చినవాడికి పెండ్లి సంబంధాలు చూపించి పంపుతాం. ముప్పై ఏళ్ళ మెస్సు నా ముహూర్తపు మర్యాదకు బలి అవుతుంది.

పెద్దమ్మా, ఇప్పుడే తెరుస్తాను, మస్తాన్‌కు చెప్తే ఒక్క నిమిషం పని అని బతిమాలాను.

"మంగళారమా? చేతులెత్తి మొక్కుతా, ఆ పని చెయ్యొద్దు నాయనా. మొదట్లో నేను కొట్టు పెట్టింది మంగళారమే. వారం తిరక్కముందే పైకప్పు గాలికి లేసిపాయ. వచ్చేటోళ్ళు వస్తారు, లేకుంటే లేదు. బేస్తవారమే."

పెద్దామె మొక్కుతానంటే ఇంకేమంటాను? నేను ముట్టుకోలేదు. మస్తాన్‌కు కూడా ముట్టుకోవద్దని చెప్దామని చేస్తే వాడు ఫోన్ ఎత్తలేదు. ఆ రోజంతా పని మీద మనసు లేదు. మధ్యాహ్నం ఎర్రగుంట్లలో ఏదో తిన్నాను, అది ఇడ్లీయో దోసో కూడా గుర్తు లేదు.

సాయంత్రం ఐదుకు గదిలోకి అడుగు పెడుతూనే మస్తాన్ లేచి వచ్చి చేయి పట్టుకుని ఊపాడు.

"శభాష్ అన్నా! సైటు తెరిచి మంచి పని జేస్తివి. ఒంటిగంటకు పోతే నాకే కూచునేకి చోటు లేదు. అందరూ ఫోన్లో చూసుకోని వచ్చినోళ్ళే. రెండున్నరకు రొట్టెలు అయిపాయ, పిండి అయిపాయ."

నేను తెరవలేదన్నాను. మరి నేనూ తెరవలేదే అన్నాడు. వాడికి ఈరమ్మ మాట దాటి తెరిచే ధైర్యం ఎట్లాగూ లేదు. ఆమె చేతి తిండి తినాలి కదా.

మిషను ముందు కూర్చున్నాం. లింకులు ఉండే ఫోల్డర్లో తొమ్మిదే ఉన్నాయి. ఈరమ్మ మెస్సు ఫైలు మొదటి ఫోల్డర్లో, నేను శనివారం పెట్టిన చోటే, అదే తేదీతో ఉంది. సర్వర్ వారం రోజులుగా ఒక్కసారి కూడా కొత్త ఫైళ్ళు చదువుకోలేదు. ఆ మిషను తాళాలు మా ఇద్దరికి తప్ప ఎవరికీ లేవు.

తర్వాత లాగ్ ఫైలు తీశాం. పదకొండు నుంచి రెండు దాకా మెస్సు పేరు అడుగుతూ అరవై ఒక్క వరుసలు ఉన్నాయి. అడిగినవాళ్ళకు ఏం పంపామో అదీ ఉంటుంది, పేజీ బరువుతో సహా. అరవై ఒక్కసార్లూ ఒకటే బరువు. పెండ్లి బ్యూరో మొదటి పేజీ బరువు. అంటే మా లెక్క ప్రకారం ఆ రోజు అందరూ చూసింది వధూవరులనే.

లాగ్ తప్పేమో అనుకోవడానికి కూడా లేకుండా పోయింది. మరుసటి రోజు పొద్దున్నే బ్యూరో సుబ్బరాయుడు గారు ఫోన్ చేశారు. ఆయన సైటులో ఎంతమంది వచ్చారో చూపించే లెక్క ఒకటి ఉంటుంది, రోజూ నిద్ర లేస్తూనే చూసుకుంటారు.

"ఏం జేస్తివప్పా నిన్న? మధ్యాహ్నం ఒక్కపారి అరవై మంది పైన వచ్చినారు. ఒక్కడన్నా సంబంధం అడగలేదు గానీ, రానీ, రోజూ అట్లే జెయ్యి!"

అంటే మా దగ్గర నుంచి పేజీ వెళ్ళింది నిజం. అది పెండ్లి బ్యూరో పేజీ అన్నదీ నిజం. మరి వాళ్ళు మెస్సుకు ఎట్లా చేరారు?

నేను తేలిగ్గా వదిలే మనిషిని కాదు. బుధవారమంతా దాని మీదే ఉన్నాను. పాత కొట్టు దగ్గర ఎవరైనా నిలబడి దారి చెప్పారా అని అడిగాను. ఎవరూ లేరు. పక్కనున్న టీ కొట్టూ సైకిల్ అంగడీ అదే పొద్దున పోయాయి. ఈరమ్మా ఆ ముగ్గురూ పొయ్యి దగ్గరే ఉన్నారు. ఒకసారి చూసిన పేజీని ఫోన్లు దాచుకుని మళ్ళీ చూపిస్తుంటాయి, అదేమో అనుకున్నాను. కానీ ఈ సైటు ఒక్క నిమిషమైనా తెరిచి ఉన్నది కాదు, దాచుకోవడానికి ఏముంది?

గూడ్స్ గార్డు నాగన్న ఆ రోజు డోన్‌లోనే దిగి ఉన్నాడు. పదేళ్ళుగా ఈరమ్మ దగ్గర తినే మనిషి, తక్కువ మాట్లాడతాడు. నిన్న ఫోన్లో ఏం చూశావన్నా అని అడిగాను. ఈరమ్మ ఫోటో, కింద దారి అన్నాడు. ఏం రాసుందో చెప్పమంటే కళ్ళు మూసుకుని చెప్పాడు. నీళ్ళ ట్యాంకు కాడ తూర్పు సందు, మూడో వాకిలి, నీలం తలుపు, ఈపొద్దు పుండికూర పప్పు. దారి సరైనదే కాబట్టి నేను దాని గురించి ఆలోచించలేదు. నా చెవి పుండికూర పప్పు, అదే గోంగూర పప్పు, దగ్గర ఆగిపోయింది.

ఆ పేజీలో నేను ఏ కూరా రాయలేదు. రాయడానికి కుదరదు కూడా. ఏ రోజు ఏం వండాలో ఈరమ్మ ఆ పొద్దునే తేల్చుకుంటుంది. ఆ మంగళవారం జేసీబీ అడ్డంగా ఉండి ఆమె మామూలు కూరల బండి రాలేదు. గోడౌను ముందు బుట్ట పెట్టుకుని పోతున్న ఎవరో అమ్మ దగ్గర పుండికూర తీసుకుంది. పదింటికి. అప్పటికి ఆ సంగతి తెలిసింది లోకంలో ఐదుగురు ఆడవాళ్ళకు.

నాగన్న చేత ఆయన ఫోన్లో అదే పేరు నా ముందే కొట్టించాను. పూలదండల జంట వచ్చింది. ఆయన ఫోన్ వైపు, నా వైపు చూశాడు.

"నిన్న ఇది కాదప్పా. ఈ పిల్లను నేను సూడనే లేదు."

ఇంకో ఇద్దరు డ్రైవర్లను విడివిడిగా పట్టుకుని అడిగాను. వాళ్ళకు నాగన్న ఎవరో తెలియదు. ఇద్దరూ పుండికూర పప్పు అన్నారు. ఒకతను అది చూసే బండి పక్కకు తీశానన్నాడు. నాకు భయం వేసింది, దాచుకోవడమెందుకు. అంతలోనే నవ్వు కూడా వచ్చింది. మనల్ని ఆవహించే శక్తులు ఏవైనా ఉంటే అవి మామూలుగా పప్పు గురించి చెప్పవు కదా.

గురువారం వచ్చింది. రొట్టెలు కొట్టే ఒకామెతో ఈరమ్మ టెంకాయ, పసుపు, రెండు నిమ్మకాయలు పంపింది. టెంకాయ నీళ్ళు మిషను మీద పడితే పది సైట్లూ ఒకేసారి పోతాయని మస్తాన్ నన్ను మెట్ల దాకా తరిమి అక్కడ కొట్టించాడు. సరిగ్గా పది గంటల ఇరవై నిమిషాలకు లింకు పెట్టి సర్వర్‌కు చెప్పాను. నా ఫోన్లో పేరు కొట్టాను. ఈరమ్మ ఫోటో వచ్చింది, కింద నేను రాసిన దారి వచ్చింది. అందులో పప్పూ లేదు, నీలం తలుపూ లేదు. లాగ్‌లో వరుస పడింది, బరువు సరిపోయింది. అంతా పద్ధతిగా ఉంది.

గోడౌనుకు నేను అప్పటిదాకా పోలేదు. ఈపొద్దు నేనూ అందరిలా ఫోన్ చూసుకునే పోతాను అని మస్తాన్‌తో పందెం కట్టినట్టు చెప్పి పన్నెండుకు బయల్దేరాను. ముందు పాత కొట్టు దగ్గరికి పోయి, స్టేషను రోడ్డు నుంచి నీళ్ళ ట్యాంకు దాకా వచ్చి, పేజీలో ఉన్నట్టే ఎడమ సందులోకి తిరిగాను. ఒక వాకిలి, రెండో వాకిలి, తర్వాత గోడ. మూతబడిన ఐస్ ఫ్యాక్టరీ గోడ, అడ్డంగా, రెండాళ్ళ ఎత్తు.

ఆ గోడ ముందు అప్పటికే ఇద్దరు లారీ డ్రైవర్లు నిలబడి ఉన్నారు. ఇద్దరి చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో నా పేజీ.

"నువ్వూ మెస్సుకేనా అన్నా? ఇది రాసినోడు యాడన్నా దొరికితే వాని తలకాయ ఈ గోడకు కొట్టల్ల," అన్నాడు ఒకడు.

"ఈపాటికి అన్నం తిని పండుకోనింటాడులే. పద, ఇంగో హోటలు చూసుకుందాం," అన్నాడు రెండోవాడు.

అవునవును అన్నాను. అది రాసింది నేనే అని చెప్పే ధైర్యం ఆ గోడ దగ్గర రాలేదు. వాళ్ళను ఆగమని ఈరమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఎప్పుడో చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. "తూర్పు సందప్పా, తూర్పు." మా వైపు ఎవరూ ఎడమ, కుడి అని చెప్పరు. కంచంలో ఉప్పు కూడా ఉత్తరం పక్క వేయమంటారు. ఆమె తూర్పు అంటే, చదివేవాళ్ళకు తేలిగ్గా ఉంటుందని నేనే దాన్ని ఎడమ చేశాను. మా గది ట్యాంకుకు అవతలి పక్క ఉంది. నేను గదిలోంచి బయల్దేరినట్టు ఊహించుకుని రాశాను. అటు నుంచి పోతే తూర్పు ఎడమే. కానీ మెస్సుకు వచ్చేవాళ్ళంతా స్టేషను రోడ్డు నుంచి వస్తారు. వాళ్ళకు అది కుడి.

ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని వెనక్కి వచ్చి, ఎదుటి సందులోకి తిరిగాను. మూడో వాకిలి. నీలం తలుపు. లోపల నలభై మంది తింటున్నారు. నాకు కంచం పెట్టకముందే అక్కడే నిలబడి మస్తాన్‌కు ఫోన్ చేసి పేజీలో ఆ ఒక్క మాట మార్పించాను.

ఆమెకు జరిగింది చెప్పాను. ఈరమ్మ పెనం మీద రొట్టె తిప్పుతూ కడుపు పట్టుకుని నవ్వింది. "చూస్తివా? మంగళారం వద్దంటే నన్ను పిచ్చిదాన్ని జేస్తివి," అంది. అంతకంటే ఆమెకు ఆ సంగతిలో ఆశ్చర్యం ఏమీ కనపడలేదు. ఆశ్చర్యమంతా నా ఒక్కడికే మిగిలింది.

మెస్సు ఇప్పుడు బాగా నడుస్తోంది. పొయ్యి దగ్గర నలుగురు ఆరుగురయ్యారు. పెండ్లి బ్యూరోను వరుసలో వెనక్కి జరిపాను. ఆ మంగళవారం లాగ్ ఫైలును మాత్రం చెరపలేదు. నాకంటే బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురికి చూపించాను. ఒకరు నాగన్న మాట నమ్మలేదు, ఒకరు నా మాట నమ్మలేదు. లాగ్‌ను మాత్రం ఎవరూ తప్పు పట్టలేకపోయారు.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ రోజు ఎర్రగుంట్ల నుంచి నేను అనుకున్నట్టు ఆ సైటు తెరిచి ఉంటే, అరవై మంది ఆకలితో ఐస్ ఫ్యాక్టరీ గోడ ముందు నిలబడి, నన్ను తిట్టుకుని, వేరే హోటళ్ళకు పోయేవాళ్ళు. వాళ్ళందరూ, ఒక్కడూ తప్పకుండా, ఈరమ్మ పొయ్యి దగ్గరికే చేరారు. వాళ్ళకు ఆ దారి ఎవరు రాసి చూపించారో నాకు తెలియదు. నేను మాత్రం కాదు.